రెండు వేళ్లు పైకి లేచిన తాండూరు పేజీలు

కంప్యూటర్ ఉన్న గదిలోకి వచ్చేముందు పెద్దమనుషులు కూడా చెప్పులు బయట విడిచిన కాలం ఒకటుండేది. లోపలికి వచ్చి, గోడకానుకుని నిలబడి, తెర మీద అక్షరాలు పుట్టడాన్ని నోరు మెదపకుండా చూసేవారు. ఆ అక్షరాలను పుట్టిస్తున్నవాడికి డిగ్రీలో ఒక సబ్జెక్టు మిగిలిపోయిందని గానీ, మూడు నెలల కింద వరకు వాడు మౌసును రెండు చేతులతో పట్టుకునేవాడని గానీ వాళ్లకు తెలియదు. వాడు నేనే. వికారాబాద్ ఇంకా జిల్లా కాలేదు. కోర్టుకు పోయే దారిలో మా మామ (మా అమ్మ తమ్ముడు) పెట్టిన డీటీపీ సెంటర్లో నేను ఆపరేటర్ని. గదిలో ఒకే ఫ్యాను ఉండేది, అది కంప్యూటరు వైపు తిరిగి ఉండేది. మనుషులకు గాలి కావాలంటే తలుపు ఉంది కదా అనేవాడు మామ. నన్ను అందరూ 'సార్' అనేవారు. ఇప్పుడు ఇన్నేళ్లు పత్రికలో పనిచేశాక కూడా ఆ 'సార్' లో ఉన్న బరువు మళ్లీ ఎప్పుడూ నా మీద పడలేదు.

మా సెంటరుకు వచ్చే పనంతా కోర్టు పనే. దరఖాస్తులు, అఫిడవిట్లు, ఒప్పంద పత్రాలు. మామకు ఈ పనిలో ఒకే ఒక్క సిద్ధాంతం ఉండేది. కాగితం అడుగున ఖాళీ ఉండకూడదు. "కింద జాగ ఇడిస్తే ఎవడో ఒకడు ఒక లైను ఇరికిస్తడురా అల్లుడా. గా ఒక్క లైను మీద ఇరవై ఏండ్లు కేసు నడుస్తది," అనేవాడు. అందుకని మా దగ్గర తయారయ్యే ప్రతి కాగితం అడుగు అంచు దాకా అక్షరాలతో కిక్కిరిసి ఉండేది. పేజీ నంబరు పాపం బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడిలా అంచును పట్టుకుని ఉండేది. మా కంప్యూటర్లో కొత్త ఫైలు ఏది తెరిచినా ఈ కొలతలతోనే తెరుచుకునేది. కొలతలనేవి ఉంటాయని, అవి ఎక్కడో ఒకచోట రాసి ఉంటాయని, వాటిని మార్చవచ్చని నాకు తెలియదు. లోకంలో పేజీలన్నీ ఇలాగే పుడతాయని అనుకునేవాడిని.

అలాంటి సెంటరుకు ఒకరోజు బంట్వారం అక్క వచ్చింది. పేరుకు అక్కే తప్ప చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది బంట్వారంలో తరతరాలుగా గొర్రెలు కాసే ఇల్లు. తండ్రి అప్పటికీ మంద వెనకాలే తిరిగేవాడు. ఆమె చదువుకుని వికారాబాద్ బడిలో టీచరయింది. అత్తవారిల్లు తాండూరు. వారంలో ఐదు రోజులు వికారాబాద్, రెండు రోజులు తాండూరు. మధ్యలో ఎంఫిల్. ఎండాకాలం సెలవుల్లో నోటుపుస్తకం పట్టుకుని తండ్రితో పాటు మంద వెంట నడిచి, కాపరులు ఏ దారిన పోతారు, ఎక్కడ ఆగుతారు, ఏ వాగుకు ఏం పేరు పెట్టారు అన్నీ రాసుకుంది. అలా నాలుగేళ్లు. ఆ రాసుకున్నదంతా నూటనలభై పేజీలయింది. వికారాబాద్‌లో ఉన్న రోజుల్లో రాసిన అధ్యాయాలు నా దగ్గర టైపు చేయించింది. తాండూరులో ఉన్నప్పుడు రాసినవి అక్కడే, నాపరాళ్లు పాలిష్ చేసే ఒక కార్ఖానా ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయితో చేయించింది. తర్వాత రెండూ ఒకే ఫైలులో కలిపేశాం. కలపడం అంటే ఏముంది, పెన్ డ్రైవులోంచి తీసి ఒకదాని కింద ఒకటి అంటించడమే. అంత పని చేసినందుకు ఆ సాయంత్రం నేను మామతో రెండో చాయ్ కూడా తెప్పించుకున్నాను.

పది రోజులకు అక్క మళ్లీ వచ్చింది. చేతిలో అదే కట్ట. ముఖం మాత్రం అదే ముఖం కాదు.

"తమ్మి, గిది మల్ల వాపస్ ఇచ్చిన్రు," అంది.

"ఎందుకక్కా? తప్పులున్నయా?"

"తప్పులు లెవ్వు. అంకెలు మీదికి కిందికి ఉన్నయంట."

యూనివర్సిటీలో థీసిస్‌లు తీసుకునే విభాగంలో ఒక పెద్దమనిషి ఉండేవాడు. విద్యార్థులు ఆయనకు 'స్కేలు సారు' అని పేరు పెట్టుకున్నారు. ఆయన లోపల ఏం రాశారో చదవడు. జేబులోంచి ఆరంగుళాల స్కేలు తీసి, పేజీ అడుగు అంచు నుంచి నంబరు ఎంత ఎత్తులో ఉందో కొలుస్తాడు. ముప్పావు అంగుళం ఉండాలి. ఉంటే ముద్ర, లేకపోతే వాపస్. అక్కది ఇది రెండోసారి. మొదటిసారి అట్ట రంగు గురించి. ఇక వచ్చే శుక్రవారం ఆఖరు. ఆ రోజు సాయంత్రంలోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషనే పోతుంది. నాలుగేళ్ల నడక నడిచినట్టు ఎక్కడా లెక్క ఉండదు.

"మా నాయిన అడుగుతుండు," అంది అక్క, నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో. "గొర్ల లెక్క తప్పిందంటే అర్థమున్నది గని, అంకె జర మీదికి ఉంటే గొర్రె సచ్చిపోతదా బిడ్డా అని."

నేను కట్ట తీసుకుని, బొటనవేలితో పేజీలను గబగబా జారవిడిచి చూశాను. పెద్దాయన గొర్రెల సంగతి తెలియదు గానీ పేజీ నంబరు మాత్రం మేకపిల్లలా ఎగిరి దూకుతోంది. నా అధ్యాయాల్లో అట్టడుగున, తాండూరు అధ్యాయాల్లో రెండు వేళ్లు పైన, మళ్లీ నా అధ్యాయం రాగానే దబ్బున కిందికి. "ఫికర్ చెయ్యకక్కా, ఐదు నిమిషాల పని," అన్నాను. (ఆ రోజుల్లో నాకు చేతకాని పనులన్నీ ఐదు నిమిషాల పనులే.)

మొదట తప్పు ప్రింటరుదని తేల్చాను. దాన్ని తెరిచి, ఊది, మూసి, ఆరు పేజీలు తీశాను. తేడా లేదు. తర్వాత తప్పు కాగితానిదని తేల్చాను. కొత్త కట్ట విప్పాను. తేడా లేదు. మామ కళ్లు నా వైపు కాకుండా కాగితాల కట్ట వైపు తిరగడం మొదలుపెట్టాక, ఇక తప్పు తాండూరుదే అని తేల్చాను. ఇది అన్నింటికంటే హాయిగా ఉంది. అక్క ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను.

అవతల మొదట మనిషి గొంతు వినిపించలేదు. రాయిని కోసే మిషను గొంతు వినిపించింది. దాని మీదుగా, దాన్ని గెలవాలని అరుస్తూ ఒక అమ్మాయి.

"ఎవరు? గట్టిగ చెప్పున్రి!"

"వికారాబాద్ నుంచి మేడం! బంట్వారం అక్క పుస్తకం! మీ పేజీ నంబర్లు పైకి లేచినయి!"

"మాయి సక్కగనే ఉన్నయి సార్! మీయే కిందికి జారినయి!"

"గట్లెట్ల మేడం? మేం కోర్టు కాగితాలు చేస్తం!"

"మేము రాళ్లు కోస్తం సార్! వంకర ఉంటే లారీ వాపస్ వస్తది! మాకు చెప్తున్రా?"

ఫోన్ పెట్టేసింది. నాతో అంతవరకు ఎవరూ అలా మాట్లాడలేదు. 'సార్' అంటూనే అలా మాట్లాడవచ్చని కూడా నాకు తెలియదు. మామ తల ఎత్తకుండానే, "మస్తు మంచిగ చెప్పింది," అన్నాడు. ఫోనులో అరిచిన అరుపు ఆయన కుర్చీ దాకా వినిపించింది మరి.

ఆ సాయంత్రం నేనే మళ్లీ చేశాను. ఈసారి మిషను లేదు. తాండూరులో కరెంటు పోయింది. అవతలి గొంతు వేరే మనిషిదిలా ఉంది. మెత్తగా, కొంచెం అలిసిపోయి, ప్రతి మాట చివర ఏదో వెతుక్కుంటున్నట్టు. మధ్యలో ఎవరో పిలిస్తే కన్నడంలో "బందె, బందె" (వస్తున్నా, వస్తున్నా) అని మళ్లీ నాతో తెలుగులోకి వచ్చింది. వాళ్ల అమ్మవాళ్లది సరిహద్దు అవతల ఊరట. ఆ గొంతు వెనకాల మాత్రం ఒకటే కీచు శబ్దం, టీక్ టీక్ అని. "అది యూపీఎస్ సార్. పది నిమిషాలు ఉంటది. అటెన్క కంప్యూటర్ బంద్," అంది. అప్పుడు అర్థమైంది నాకు మా ఇద్దరి పరిస్థితి. కరెంటు ఉంటే మిషను వల్ల మాట వినపడదు. కరెంటు పోతే మాట వినపడుతుంది, కంప్యూటరు ఉండదు. రెండూ కలిసి ఉండేది యూపీఎస్ కీచుమనే ఆ పది నిమిషాలే. అక్క పుస్తకం బాగుపడితే ఆ పది నిమిషాల్లోనే బాగుపడాలి.

అప్పటి నుంచి తాండూరులో కరెంటు కోతల వేళలు నాకు నా పరీక్షల టైంటేబులు కంటే బాగా నోటికొచ్చాయి. పగలు పన్నెండింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు నుంచే నేను ఫోను పక్కన కూర్చునేవాడిని. "ఏందిరా అల్లుడా, తాండూర్‌ల కరెంటు పోతే నీ మొకంల లైటు ఎలుగుతున్నది?" అని అడిగాడు మామ ఒకరోజు. అక్క పని మామా, అర్జెంటు, అన్నాను. అబద్ధం కాదు. పూర్తి నిజం కూడా కాదు.

ఇక మా వైద్యం సంగతి. ఇద్దరి దగ్గరా ఒకే ఫైలు ఉంది. ఫోనులో ఒకరు చెప్పింది రెండోవారు చేయడం. నేను నా పేజీ అడుగున నంబరు కింద రెండు ఎంటర్లు కొట్టాను, ఆమెతోనూ అక్కడే కొట్టించాను. నంబరు నిజంగానే రెండు వేళ్లు పైకి వచ్చింది. విజయగర్వంతో, "మేడం, నేను మీ దగ్గరికి పైకి వచ్చిన. ఇప్పుడు చూడున్రి," అన్నాను.

కాసేపు టీక్ టీక్.

"మీరు వచ్చిన్రు సార్. నేను ఇంకో రెండు వేళ్లు మీదికి పోయిన," అంది.

నిజమే. అధ్యాయాలన్నిటి ఫుటర్లు, అంటే అడుగున నంబరు కూర్చునే చోట్లు, ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయని, ఒకచోట కొడితే అన్నిచోట్లా పడుతుందని మాకు తెలియదు. నేను ఒక మెట్టు ఎక్కితే ఆమె ఒక మెట్టు ఎక్కింది. నేను దిగితే ఆమె దిగింది. మధ్య దూరం మాత్రం రెండు వేళ్లు రెండు వేళ్లుగానే నిలిచింది. ఆమె ఇంకో ఉపాయం చెప్పింది. నంబరు పైన ఎంటర్లు కొడితే అది బరువుకు కిందికి దిగుతుందేమో అని. కొట్టాం. నంబరు అంగుళం కూడా కదల్లేదు గానీ, పైన ఉన్న రాత అంతా ఇరుకై, ఒక వాగు దాటుతున్న మంద సగం ఈ పేజీలో, సగం తర్వాతి పేజీలో మిగిలిపోయింది. "సార్, గొర్లు చెదిరిపోయినయి," అందామె. నవ్వు మొదలైంది. ఎవరు ముందు నవ్వారో గుర్తు లేదు. యూపీఎస్ ఆగిపోయి కంప్యూటరు ఆరిపోయినా ఆ నవ్వు ఇంకా కొంచెంసేపు ఉంది. ఆ కొంచెంసేపు అక్క పుస్తకం గురించి కాదు.

సోమవారం, మంగళవారం, బుధవారం ఇలాగే పోయాయి. ఆమె కార్ఖానాలో పసుపు రాయికంటే నీలం రాయి మొండిదని నాకు తెలిసింది. నేను పత్రికకు ఊరి వార్తలు రాసి పంపుతుంటానని, అందులో మూడు అచ్చయ్యాయని ఆమెకు తెలిసింది. (ఒకటే అచ్చయింది. అది కూడా కుల్కచర్లలో పిడుగు పడిందని నాలుగు లైన్లు.) ఒకరి పేరు ఒకరికి తెలుసు, అయినా ఆమె నన్ను 'వికారాబాద్ సార్' అనేది, నేను 'తాండూర్ మేడం' అనేవాడిని. బుధవారం సాయంత్రం బడి నుంచి నేరుగా వచ్చిన అక్క మా గుమ్మంలో నిలబడి, "తమ్మి, ఎల్లుండి శుక్రవారం," అని మాత్రం అంది. గట్టిగా కూడా అనలేదు. అప్పుడు నాకు మొదటిసారి సిగ్గేసింది. మూడు రోజులుగా ఆమె నాలుగేళ్లను పట్టుకుని నేను పది నిమిషాల చొప్పున నవ్వుకుంటున్నాను.

"రేపు పొద్దుగాల తాండూర్ పోతా మామా," అన్నాను.

"పో. పోయి పని చేసుకుని రా," అన్నాడు మామ. 'పని' అన్న మాటను కొంచెం నొక్కాడు.

గురువారం పొద్దున పాసింజరు ఎక్కాను. ఉన్న వాటిలో మంచి చొక్కా వేసుకున్నాను (రెండుసార్లు ఇస్త్రీ చేసి). జేబులో పెన్ డ్రైవు. ధారూర్ దాటాక కిటికీలోంచి కంది చేలు, తర్వాత రాతి గనుల గుట్టలు. తాండూర్ మేడం ఎలా ఉంటుందో గంటసేపు ఊహించుకుంటూ పోయాను. గొంతును బట్టి మనిషిని గీయడం ఆ వయసులో ప్రతివాడికీ వచ్చిన విద్యే. ఒక్కడికీ సరిగ్గా రాని విద్య కూడా అదే. స్టేషన్ బయట అక్క నిలబడి ఉంది. సెలవు పెట్టి ముందు రోజు రాత్రి బస్సుకే వచ్చేసిందట. ఇద్దరం ఆటోలో కార్ఖానాకు వెళ్లాం.

ఆఫీసు అంటే రాళ్ల బారుల పక్కన రేకుల గది. లోపల అన్నిటి మీదా సన్నటి బూడిదరంగు దుమ్ము, కంప్యూటరు మీద మాత్రం తెల్లటి తువ్వాలు. ఆమె లేచి నిలబడింది. నేను గీసుకున్న బొమ్మలో కళ్లద్దాలు లేవు, కనుబొమల మీద రాతిపొడి లేదు, అంత పొట్టి మనిషి కూడా కాదు. అయినా ఆ నిమిషం నుంచి పాత బొమ్మ నాకు ఎంత వెతికినా దొరకలేదు.

"మీరేనా వికారాబాద్ సార్?" అని మిషను మీదుగా అరిచింది. "ఫోన్ల ఇంకా పెద్దగున్నరు!"

అక్క పకపకా నవ్వింది. వారంలో ఆమె నవ్వడం అదే మొదలు.

పని మొదలుపెట్టాం. ఆమె ప్రింటరులోంచి అందులో ఉన్న కాగితాలు తీసి పక్కన పెట్టి, తెల్లవి పెట్టబోయింది. పక్కన పెట్టినవి కార్ఖానా ఉత్తరాల కాగితాలు. వాటిని చూసి నేను ఆగిపోయాను. కంపెనీ పేరు, అడ్రసు, లారీ బొమ్మ అన్నీ కాగితం అడుగున ఉన్నాయి, నీలం రంగులో, రెండు వేళ్ల ఎత్తున.

"పేరు కిందెందుకున్నది మేడం? అందరికీ పైన ఉంటది కదా?"

"మా సేటు ముచ్చట సార్ అది. పైన దేవుడే ఉండాలె, మన పేరు ఎప్పుడు దేవుని కాళ్ల కాడ ఉండాలె అంటడు. అందుకే మా ఉత్తరాలన్నీ కింద జాగ ఇడిసే టైపు చేస్తం."

"ఇడిసేది మీరా, కంప్యూటరా?"

ఆమె కూడా ఆగింది. "నేను ఎన్నడు ఇడవలే. అదే ఇడుస్తది. సిస్టం పెట్టిపోయినాయిన చేసిండు," అంది మెల్లగా.

అప్పుడు ఇద్దరం కలిసి, ఇన్నాళ్లూ ఎవరమూ తెరవని పేజీ సెటప్ కిటికీని తెరిచాం. అందులో ఒక మూలన, ఎవరినీ నొప్పించకుండా కూర్చుని ఉంది అసలు సంగతి. అడుగు అంచు నుంచి ఫుటరు ఎంత దూరంలో ఉండాలో చెప్పే చిన్న గడి. ఆమె అధ్యాయంలో కర్సరు పెట్టి చూస్తే ఒక అంకె. నా అధ్యాయంలో పెట్టి చూస్తే అందులో ఐదో వంతు కూడా లేని అంకె. అధ్యాయాలను అంటించినప్పుడు ఆ కొలతలు కూడా వాటి వెంబడే వచ్చాయి. ఫుటర్లో ఎన్ని ఎంటర్లు కొట్టినా ఆ గడికి చీమ కుట్టినట్టు కూడా లేదు. పైన దేవుడుండాలన్న సేటు, కింద శత్రువు దూరకూడదన్న మామ, ఒకరి ముఖం ఒకరు చూడని ఈ ఇద్దరు పెద్దమనుషులు వారం రోజులుగా అక్క గొర్రెలను అటొకరు ఇటొకరు లాగుతున్నారన్నమాట. మేం కొట్టిన ఎంటర్లన్నీ తీసేశాం. ఫైలు మొత్తాన్ని ఎంచుకుని ఆ గడిలో ముప్పావు అంగుళం అని కొట్టాను. పేజీలు జారవిడిచినట్టు తెరను కిందికి జరిపితే నంబర్లన్నీ కదలకుండా నిలబడ్డాయి. నిజంగానే ఐదు నిమిషాల పని.

ప్రింటు తీయడం మొదలుపెట్టాం. అక్క బైండింగ్ అతనితో ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లింది. స్కేలు కోసం వెతికితే దొరకలేదు. ఆమె గోడకున్న గుణ్య తీసుకొచ్చింది. రాయి మూల సరిగ్గా ఉందో లేదో చూసే ఎల్ ఆకారపు ఇనుప కొలబద్ద. దాన్ని ఒక్కో పేజీ మూలన ఆనించి చూసి నా వైపు తోసేది, నేను వరసగా పేర్చేవాడిని. నూట ముప్పై, నూట ముప్పై ఐదు. ఆఖరి పేజీ వచ్చింది. అక్కకు దారులు చెప్పిన కాపరుల పేర్ల పట్టిక అది. మొదటి పేరు వాళ్ల నాన్నది. ఆమె గుణ్య ఆనించి, ఏమీ అనకుండా నా వైపు తోసింది. నేను పేర్చబోతూ చూశాను. నంబరు ఒక్క లైను పైన ఉంది. విడిగా తెచ్చి అతికించిన పేజీ కాబట్టి దాని ఫుటరుకు మిగతావాటితో ముడి లేదు. ఫోనులో వైద్యం చేసిన రోజుల్లో అక్కడ విడిగా కొట్టిన ఎంటరు ఒకటి మిగిలిపోయింది, తెర మీద అది మా కళ్లకు ఆనలేదు.

పాఠకులు నన్ను మన్నించాలి. నేను ఆ పేజీని చేతిలో పట్టుకుని ఒక గ్లాసు నీళ్లు తాగేంతసేపు ఊరుకున్నాను. చెప్పకపోతే స్కేలు సారు వాపస్ ఇస్తాడు. వాపస్ ఇస్తే అక్క వస్తుంది. అక్క వస్తే పన్నెండింటికీ నాలుగింటికీ మళ్లీ ఫోన్. అంతవరకే ఆలోచించాను. శుక్రవారం ఆఖరన్నది ఆ లెక్కలోకి రానేలేదు. ఇరవై రెండేళ్ల బుర్ర అంత దూరమే వెళ్లగలదు కాబోలు. అంతలో గుమ్మంలోంచి అక్క కేక.

"తమ్మి, అయినట్టేనా? బైండింగాయినకు వస్తున్న అని చెప్పాల్నా?"

పేజీలో మొదటి పేరు మీద నా బొటనవేలు ఉంది. తీశాను.

"ఇంకొక్కటి ఉన్నదక్కా. ఆఖరిది జర మీదికున్నది."

తాండూర్ మేడం తల ఎత్తలేదు. గుణ్యను తువ్వాలుతో తుడుస్తూ, "నేను ఇందాకనే చూసిన," అంది.

"చూసిన్రా? మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తరా చెప్పరా అని చూస్తున్న," అంది.

ఎంటరు తీసేసి ఆఖరి పేజీ మళ్లీ ప్రింటు చేశాం. అది బయటికి రావడం, పన్నెండు కొట్టడం, కరెంటు పోవడం ఒకేసారి జరిగాయి. మిషను ఆగింది. ఇన్ని రోజులు నేను ఎదురుచూసిన ఆ నిశ్శబ్దం మొదటిసారి ఫోను తీగలో కాకుండా మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. యూపీఎస్ మొదలైంది. పది నిమిషాలు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇగ ఫోన్ చేసే పని లేనట్టే కదా సార్," అంది.

దానికి ఏం చెప్పాలో ఇప్పుడు నాకు పదిహేడు రకాలుగా తెలుసు. అప్పుడు మాత్రం కట్టను రెండు చేతులతో బల్ల మీద తట్టి సరిచేసి, గుండెల నిండా గర్వంతో, "లేదు మేడం, మొత్తం సరిపోయినయి!" అన్నాను.

శుక్రవారం స్కేలు సారు పది పేజీలు కొలిచి, పదకొండోది కూడా కొలిచి, ముద్ర వేశాడట. అక్క మా సెంటరుకు మిఠాయి పొట్లం పట్టుకొచ్చింది. వాళ్ల నాన్నకు పుస్తకం చూపిస్తే ఆయన ఆఖరి పేజీ మీద వేలు పెట్టి, తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, అక్కడే చాలాసేపు వేలు ఉంచాడట. ఆ మాట చెబుతూ అక్క కళ్లు తుడుచుకుంది. నేను మిఠాయి నోట్లో పెట్టుకుని తల తిప్పుకున్నాను.

ఆ తర్వాత ఒక్కసారి తాండూరుకు ఫోన్ చేశాను. పగలు పన్నెండింటికే. "ఏం సార్, మల్ల పేజీలు లేచినయా?" అని నవ్వింది. లేదు మేడం, ఊరికే, అన్నాను. పది నిమిషాల్లో రెండే ఖర్చయ్యాయి. నెల తర్వాత నాకు పత్రికలో పని దొరికింది, హైదరాబాద్ వచ్చేశాను. ఆ అమ్మాయికి సేడం వైపు సంబంధం కుదిరిందని, భర్తతో కలిసి అక్కడ పుస్తకాల దుకాణం పెట్టిందని అక్క ఎప్పుడో చెప్పింది. మంచి కబురే. విని సంతోషించాను. ఆ రోజు డెస్క్‌లో నేను సరిదిద్దిన పేజీలో మాత్రం రెండు తప్పులు అచ్చయ్యాయి.

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది. ఏ కాగితం చేతికొచ్చినా నా చూపు ముందు అడుగుకే వెళుతుంది. శుభలేఖ ఇచ్చినా అంతే, డాక్టరు రిపోర్టు ఇచ్చినా అంతే. మా ఆవిడ దీన్ని వృత్తిరోగం అంటుంది. నేను ఔననే అంటాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా బిడ్డ లాప్‌టాప్ ముందు కూర్చుని విసుక్కుంటోంది. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టట. సగం తను రాసింది, సగం వేరే ఊళ్లో ఉన్న సహాధ్యాయి రాసి పంపాడు. కలిపితే పేజీ నంబర్లు ఎగుడుదిగుడు. ఆ మాట చెవిన పడగానే నేను చదువుతున్న పేపరు వదిలేసి పరుగున వెళ్లాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.

"ఇది అంత తేలిక కాదు బిడ్డా," అన్నాను. "చాలా పెద్ద సమస్య. ముందు ఆ రెండో సగం రాసిన అబ్బాయికి ఫోన్ చెయ్యాలి. వాళ్ల ఇంట్లో ప్రింటరులో ఏ కాగితాలుంటాయో కనుక్కోవాలి. ఒక్కసారితో తేలదు. మూడు రోజులైనా పడుతుంది."

"ఎందుకు నాన్నా?" అంది మా అమ్మాయి, నన్ను వింతగా చూస్తూ. ఆమె వేళ్లు ఆగలేదు. ఏదో తెరిచింది, ఏదో అంకె కొట్టింది, పేజీలు సర్రున కిందికి జరిపింది. నంబర్లన్నీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో, బుద్ధిగా నిలబడ్డాయి.

"అయిపోయింది," అంది.

ఒక్క నిమిషం కూడా పట్టలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. శభాష్ అన్నాను, ఇంకేమంటాను. లేచి వెళ్లి మళ్లీ పేపరు తీసుకుని, చాలాసేపు ఒకే లైను చదువుతూ కూర్చున్నాను. ఎందుకో ఆ రెండో ఊళ్లో ఉన్న కుర్రాడి మీద, ఎన్నడూ చూడని వాడి మీద, నాకు జాలేసింది.